సీటు లెక్క మీద కట్టిన నగరం

హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పట్లో చుట్టూ రాళ్లగుట్టలే. ఆ తర్వాత పాతికేళ్లలో గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా లేచిన ప్రతి అద్దాల మేడ వెనుకా ఒకే లెక్క ఉంది. కంపెనీకి ప్రాజెక్టు వస్తే మనుషులు కావాలి. మనుషులకు సీట్లు కావాలి. సీటుకు ఇన్ని చదరపు అడుగులు. బిల్డర్ స్థలం కొన్నా, బ్యాంకు అప్పిచ్చినా, ప్రభుత్వం ఎకరాన్ని వేలం వేసినా అందరూ నమ్ముకున్నది ఈ లెక్కనే.

ఏఐ వచ్చాక ఆఫీసులు ఎలా మారుతున్నాయి అని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు ముఖం చూసి తెరుచుకునే తలుపులు, మనిషి లేనప్పుడు ఆరిపోయే లైట్లు. అవి నిజమే, వాటి సంగతి ముందు ముందు వస్తుంది. అయితే పెద్ద మార్పు ఆ లెక్క మొదటి మెట్టు దగ్గర జరుగుతోంది. కంపెనీ ఆదాయానికీ, అందులో పనిచేసే మనుషుల సంఖ్యకూ మధ్య ఉన్న ముడి వదులవుతోంది. ఆ ముడి వదిలితే పైనున్న మెట్లన్నీ కదులుతాయి.

వెయ్యి మంది ఉన్న ఒక కంపెనీని ఊహించుకుందాం. మనిషికి 80 చదరపు అడుగుల చొప్పున 80 వేల చదరపు అడుగులు కావాలి. చదరపు అడుగుకు నెలకు 70 రూపాయలు అనుకుంటే నెల అద్దె 56 లక్షలు, ఏడాదికి 6 కోట్ల 72 లక్షలు. ఇలాంటి స్థలానికి విలువ కట్టేటప్పుడు ఏడాది అద్దె పెట్టిన డబ్బులో 8 శాతం ఉండాలి అని లెక్క వేస్తే, దాని ఖరీదు 84 కోట్లు. ఇప్పుడు అదే కంపెనీ, అదే ఆదాయంతో, 700 సీట్లతో సరిపెట్టుకుందనుకుందాం. అద్దె నెలకు 39 లక్షల 20 వేలకు దిగుతుంది. ఆ స్థలం విలువ 58 కోట్ల 80 లక్షలు. మిగిలిన 24 వేల చదరపు అడుగులకు ఇంకో కిరాయిదారు దొరికేదాకా కాగితం మీద 25 కోట్లు మాయం. భవనంలో ఒక్క ఇటుక కదల్లేదు, ఒక్క అద్దం పగల్లేదు.

రాబోయే అద్దెలను చూపించి బ్యాంకు నుంచి తెచ్చే అప్పును ఈ వ్యాపారంలో ఎల్‌ఆర్‌డీ అంటారు. చాలా ఐటీ పార్కుల మీద ఇలాంటి అప్పులున్నాయి. అందుకే సీట్ల సంఖ్య కిరాయిదారు సొంత వ్యవహారంగా మిగలదు. అది బ్యాంకు దాకా వెళ్తుంది, అక్కడి నుంచి పక్క ప్లాటులో పునాది తవ్వుతున్న బిల్డర్ దాకా వెళ్తుంది.

ఇప్పటివరకు అంకెలు చెబుతున్న కథ మాత్రం తికమకగా ఉంది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య సుమారు 64 వేలు తగ్గింది. పాత లెక్క ప్రకారం ఆఫీసులకు గిరాకీ పడిపోవాలి. కానీ 2024లో దేశంలోని పెద్ద నగరాల్లో ఆఫీసు లీజింగ్ 7 కోట్ల చదరపు అడుగులు దాటి రికార్డు సృష్టించింది. ఒకపక్క మనుషులు తగ్గారు, మరోపక్క ఆఫీసులు నిండాయి.

ఇందులో వైరుధ్యం ఏమీ లేదు, అద్దెకు దిగినవాళ్లు మారారంతే. విదేశీ కంపెనీలు ఇక్కడ తమ సొంత కార్యాలయాలు పెట్టుకుంటున్నాయి. వీటినే జీసీసీలు అంటున్నారు. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, కన్సల్టింగ్ సంస్థ జిన్నోవ్ కలిసి ఇచ్చిన 2024 నివేదిక ప్రకారం దేశంలో ఇలాంటివి 1,700కు పైగా ఉన్నాయి, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారు. హైదరాబాద్‌లోనే 355. ఆమ్‌జెన్, ఎలీ లిల్లీ లాంటి మందుల కంపెనీలూ, మెక్‌డొనాల్డ్స్ లాంటి తిండి కంపెనీ కూడా 2025లో ఇక్కడ ఆఫీసులు తెరిచాయి. బయటి సంస్థకు ఇచ్చే పనిని సొంత ఉద్యోగులతో చేయించుకోవాలన్న ఆలోచన వీటిది. పైగా 2020 తర్వాత ఇళ్లలో కూర్చున్నవాళ్లను కంపెనీలు వారానికి మూడు రోజులో నాలుగు రోజులో వెనక్కి పిలిచాయి. ఈ రెండూ కలిసి ఆఫీసులను నింపాయి.

ఆ 64 వేల తగ్గుదలను ఏఐ ఖాతాలో వేయడం కూడా సరికాదు. కరోనా తర్వాత ఎడాపెడా చేర్చుకున్నారు, అమెరికా, యూరప్ గిరాకీ మందగించింది, ఖాళీలను భర్తీ చేయడం ఆపారు. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, అంటే సిబ్బందిలో 2 శాతాన్ని, తగ్గిస్తామని చెప్పినప్పుడు కూడా కారణం ఏఐ కాదని, నైపుణ్యాలు సరిపోకపోవడమని కంపెనీ వివరించింది. ఆ మాటను అలాగే తీసుకున్నా, ఏ నైపుణ్యాలు ఎందుకు సరిపోకుండా పోతున్నాయన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఏఐ ప్రభావం తొలిగా కనిపించే చోటు కొత్తవాళ్ల బల్లలు. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా జీతాల వివరాలను పరిశీలించి, ఏఐ ఎక్కువగా చేయగలిగే పనుల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు ఇతరులతో పోలిస్తే 13 శాతం తగ్గాయని తేల్చారు. అనుభవం ఉన్నవాళ్ల ఉద్యోగాలు నిలబడ్డాయి. మన ఐటీ భవనాల్లో అంతస్తులకు అంతస్తులు నింపింది ఈ వయసువాళ్లే. టెస్టింగ్, మొదటి అంచె సపోర్ట్, డాక్యుమెంట్లు రాయడం, పాత కోడ్‌ను కొత్త భాషలోకి మార్చడం వంటివి వాళ్లతోనే మొదలవుతాయి. కింద ఎక్కువమంది, పైన కొద్దిమంది ఉండే గోపురం లాంటి ఆ అమరికను చూసే సీట్ల లెక్క వేశారు. గోపురం అడుగు సన్నబడితే అన్నింటికన్నా ముందు తగ్గేది సీట్లే.

ఇంకో వైపు చూడాలంటే శాన్‌ఫ్రాన్సిస్కో ఉంది. కరోనా తర్వాత ఆ నగరంలో మూడో వంతు ఆఫీసు స్థలం ఖాళీగా పడింది. ఆ ఖాళీల్లోకి ముందుగా వచ్చినవాళ్లలో ఏఐ కంపెనీలున్నాయి. ఓపెన్‌ఏఐ 2023లో ఊబర్ దగ్గర నుంచి దాదాపు 5 లక్షల చదరపు అడుగులు తీసుకుంది. అంటే ఏఐని తయారు చేసేవాళ్లకు పక్కపక్కన కూర్చునే మంచి ఆఫీసులు కావాలి. హైదరాబాద్‌లో తయారీ పని ఎంత, తయారైన ఏఐ వల్ల తగ్గిపోయే పని ఎంత అన్నదాన్ని బట్టి మన అంతస్తుల భవిష్యత్తు ఉంటుంది. రెండూ ఇక్కడ ఉన్నాయి, ఒకే భవనంలో పై అంతస్తులో ఒకటి, కింది అంతస్తులో ఒకటి ఉన్న చోట్లూ ఉన్నాయి.

హైదరాబాద్‌కు మరో ప్రత్యేక చిక్కు ఉంది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 86 ద్వారా స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న పరిమితిని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ సరిపోతే ఎంత ఎత్తయినా లేపవచ్చు. ముంబైలో, బెంగళూరులో ఇలా లేదు. దీనివల్ల ఇక్కడ భవనాలు వేగంగా వచ్చాయి, అద్దెలు అదుపులో ఉన్నాయి, కంపెనీలు వచ్చాయి. అదే కారణంగా పెద్ద నగరాల్లో ఆఫీసు స్థలం ఎక్కువగా ఖాళీగా ఉన్నవాటిలో హైదరాబాద్ ఒకటిగా ఉంటోంది. అయినా 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ప్రభుత్వ వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. ఆ ధర గిట్టుబాటు కావాలంటే దాని మీద ఎన్ని అంతస్తులు లేవాలో, వాటిలో ఎన్ని ఇళ్లో ఆఫీసులో నిండాలో ఎవరైనా కాగితం మీద వేసి చూడవచ్చు.

ఇక్కడే మధ్యతరగతి ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఈ విషయాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పెద్ద ఫండ్లకు సలహాదారులుంటారు, రిటైరైన ఉపాధ్యాయుడికి ఉండరు. ఐటీ టవర్లో 200 చదరపు అడుగులో 500 చదరపు అడుగులో కొనండి, నెలనెలా అద్దె మీ ఖాతాలో పడుతుంది అన్న ప్రకటనలు తెలుగు పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు పంపిన డబ్బుతో తల్లిదండ్రులు ఇలాంటివి కొంటున్నారు. కొన్నిటికి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర, రిజిస్ట్రేషన్ ఉంటుంది. కొన్ని అనుమతులు రాకముందే యూడీఎస్ పేరుతో, అంటే విడదీయని భూమి వాటాగా, అమ్ముడవుతాయి. రెరా నమోదు తప్పనిసరైన ప్రాజెక్టును ఆ నమోదు లేకుండా ప్రకటించడం, అమ్మడం 2016 చట్టం ప్రకారం కుదరదు, అయినా అమ్మకాలు ఆగలేదు.

ఇలాంటి కొనుగోలులో కొన్నవాళ్ల చేతికొచ్చేది గది కాదు, గోడ కాదు. ఒక పెద్ద అంతస్తులో గీత లేని వాటా. ఆ అంతస్తు మొత్తాన్ని ఒక కంపెనీ అద్దెకు తీసుకుంటేనే నెలనెలా డబ్బు వస్తుంది. లీజు కాగితం తొమ్మిదేళ్లకు రాసి ఉన్నా, కిరాయిదారు కచ్చితంగా ఉండాల్సిన లాక్-ఇన్ కాలం సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లే. అది దాటాక నోటీసిచ్చి వెళ్లిపోవచ్చు. వెళ్లాక ఖాళీ అంతస్తు మెయింటెనెన్స్ చార్జీలు వాటాదారుల మీదే పడతాయి. ఇప్పుడు కంపెనీలు ఇంకా పొట్టి లాక్-ఇన్ అడుగుతున్నాయి, రెండేళ్ల తర్వాత ఎంతమంది ఉంటారో వాళ్లకే తెలియదు కాబట్టి. కుర్చీలు, ఇంటర్నెట్, కాఫీ మిషన్ అన్నీ కలిపి సీటుకు ఇంత అని ఇచ్చే మేనేజ్డ్ ఆఫీసులు పెరగడానికి కారణం కూడా అదే. అలాంటి రోజుల్లో తొమ్మిదేళ్ల అద్దె ఖాయం అన్న మాటకు వెనుక ఏ కిరాయిదారు సంతకం ఉందో, లాక్-ఇన్ ఎన్నేళ్లో, అది ముగిసేది ఎప్పుడో అడగకుండా డబ్బు కట్టడం చాలా ప్రమాదం.

అద్దె ఆదాయమే కావాలనుకుంటే స్టాక్ మార్కెట్లో రీట్లు ఉన్నాయి, అంటే అద్దెకిచ్చిన భవనాలను చేతిలో పెట్టుకుని వాటిలో వాటాలను షేర్లలా అమ్మే ట్రస్టులు. దేశంలో మొదటిది, ఎంబసీ, 2019 ఏప్రిల్‌లో లిస్టయింది. మాదాపూర్ మైండ్‌స్పేస్ భవనాలున్న రీట్ 2020 ఆగస్టులో వచ్చింది. వీటికీ అదే సీటు లెక్క వర్తిస్తుంది, నష్టం రాదని కాదు. కాకపోతే ఎన్ని చదరపు అడుగులు నిండాయి, ఏ లీజు ఏ ఏడాది ముగుస్తుంది అన్నది మూడు నెలలకోసారి బయటపెడతారు, కావాలంటే అమ్ముకుని బయటకు రావచ్చు. విడదీయని వాటాను అమ్మాలంటే కొనేవాడిని వెతుక్కోవాలి.

ఇక భవనం లోపలికి వెళ్తే ఏఐ చేస్తున్న మేలు కనిపిస్తుంది. ఆఫీసు భవనం కరెంటు బిల్లులో అతి పెద్ద భాగం ఏసీదే. టెర్రస్ మీదో బేస్‌మెంట్లోనో ఉండే చిల్లర్లు నీటిని చల్లబరుస్తాయి, ఆ నీరు అంతస్తులన్నీ తిరుగుతుంది. మామూలుగా ఉదయం ఏడింటికి ఆన్ చేసి, ఒకే ఉష్ణోగ్రత పెట్టి, రాత్రి ఆపుతారు. సోమవారం సగం మందే వచ్చినా, బుధవారం నిండినా ఒకటే పద్ధతి. ఏఐతో నడిపినప్పుడు గేటు దగ్గర స్వైపులు, బయటి ఎండ, గత వారాల అలవాటు కలిపి చూసి ఏ గంటకు ఏ అంతస్తుకు ఎంత చల్లదనం కావాలో ముందే అంచనా వేస్తుంది. గూగుల్ డీప్‌మైండ్ 2016లో తమ డేటా సెంటర్లలో చల్లబరచడానికి అయ్యే కరెంటును 40 శాతం వరకు తగ్గించామని ప్రకటించింది. న్యూయార్క్‌లో 45 బ్రాడ్‌వే అనే పాత ఆఫీసు టవర్లో ఇలాంటి వ్యవస్థ పెట్టాక ఏసీ, హీటింగ్ కరెంటు దాదాపు 16 శాతం తగ్గింది. మే నెల హైదరాబాద్‌కు ఇది చిన్న సంగతి కాదు.

మరి అన్ని భవనాల్లో ఎందుకు పెట్టడం లేదు? ఒక కారణం పాత భవనాల్లో సెన్సర్లు లేకపోవడం. అసలు కారణం డబ్బు ఎవరిది అన్నది. యంత్రాల మీద ఖర్చు పెట్టాల్సింది యజమాని. కరెంటు బిల్లు మాత్రం కిరాయిదారులు చదరపు అడుగు లెక్కన పంచుకుంటారు, ఆదా అయితే లాభం వాళ్లకు. మరి యజమాని ఎందుకు ఖర్చు పెడతాడు? లీజు రాసేటప్పుడే ఆదాలో ఇద్దరికీ వాటా రాసుకున్నచోట ఇది ముందుకు నడుస్తుంది, లేనిచోట ఆగిపోతుంది. కార్బన్ లెక్కలు చూపించాల్సిన విదేశీ కంపెనీలు మంచి భవనాలకే వెళ్తున్నాయి కాబట్టి కొత్త టవర్లు ముందు మారుతున్నాయి. 2000ల్లో కట్టిన భవనాలు వెనుకబడుతున్నాయి. ఖాళీల భారం వాటి మీదే ఎక్కువ పడేలా ఉంది.

ఏ అంతస్తుకు ఎంత చల్లదనమో చెప్పే స్వైపుల లెక్కే, ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్ని నిమిషాలు క్యాంటీన్లో ఉన్నారు, ఎవరితో కూర్చున్నారు అన్నదీ చెబుతుంది. కెమెరాల్లో ఏఐ చేరాక మనిషి నడకను కూడా గుర్తుపట్టవచ్చు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ఉద్యోగానికి సంబంధించిన కొన్ని అవసరాలకు ఉద్యోగి అనుమతి లేకుండానే సమాచారం వాడుకునే వెసులుబాటు ఆ చట్టంలో కంపెనీలకు ఉంది. ఏసీ కోసం సేకరించిన లెక్క హైక్ నిర్ణయించడానికి వాడితే ఆపేదెవరు? ఈ ప్రశ్నను ఉద్యోగులు ఇప్పుడే అడగాలి, పద్ధతి స్థిరపడ్డాక అడిగితే ఉపయోగం ఉండదు.

లీజు కాగితాల పని కూడా మారింది. వంద పేజీల ఒప్పందంలో అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది, లాక్-ఇన్ ఎప్పుడు ముగుస్తుంది, రిపేర్లు ఎవరివి అన్నవి ఏరి పట్టికగా రాయడం జూనియర్ లాయర్లకు రోజుల పని. ఇప్పుడది నిమిషాల్లో అవుతోంది. రియల్ ఎస్టేట్ సేవల సంస్థ జేఎల్‌ఎల్ 2023లోనే ఈ వ్యాపారానికి సొంత ఏఐ మోడల్ తెచ్చింది. అయితే ఇది ఇంగ్లిష్‌లో టైపు చేసిన కాగితాల సంగతి. భూమి టైటిల్ దగ్గరకు వచ్చేసరికి చేతిరాత పహాణీలు, ఉర్దూలో ఉన్న నిజాం కాలపు రికార్డులు, 1954-55 ఖాస్రా పహాణీ, చిరిగిన లింక్ డాక్యుమెంట్లు ఎదురవుతాయి. సర్వే నంబరులో ఒక్క అంకె తప్పు చదివితే కోట్ల వివాదం. శేరిలింగంపల్లి భూముల మీద పనిచేసే లాయర్ల చూపుకు ఇంకా బదులు లేదు.

ఆఫీసు సీట్లు తగ్గినా ఏఐకి భవనాలు అక్కర్లేదని కాదు, దానికి కావాల్సిన భవనం వేరు. హైదరాబాద్ శివార్లలోని మేకగూడలో, చందనవెల్లిలో లేచిన డేటా సెంటర్లకు కిటికీలు ఉండవు. వాటి విలువను చదరపు అడుగుల్లో చెప్పరు, మెగావాట్లలో చెబుతారు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ ప్రకటించింది. సామర్థ్యం గిగావాట్ స్థాయిలో ఉంటుంది. పది లక్షల చదరపు అడుగుల ఐటీ టవర్‌కు పది మెగావాట్లలోపే సరిపోతాయి అనుకుంటే, ఇది అలాంటి వంద టవర్ల కరెంటు. మనుషులు మాత్రం వంద టవర్లకు కాదు, ఒక్క టవర్‌కు సరిపడా కూడా ఉండరు. కట్టేటప్పుడు వేల మందికి పని దొరుకుతుంది, కట్టాక నడపడానికి వందల మంది చాలు. ప్రపంచం మొత్తం మీద డేటా సెంటర్లు 2024లో 415 టెరావాట్ అవర్ల కరెంటు వాడాయని, 2030కి అది 945కు చేరవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా.

ఈ హబ్‌తో పాటు విశాఖకు ఇంటర్నెట్‌ను మోసే సముద్ర కేబుళ్లు రావడం నిజంగా మంచి అవకాశం. అయితే డేటా సెంటర్ వస్తోంది కాబట్టి మధురవాడలో ఫ్లాట్ల ధర రెట్టింపవుతుంది అని చెప్పేవాళ్లు హైదరాబాద్ సీటు లెక్కను తెచ్చి మెగావాట్ల మీద అతికిస్తున్నారు. అదే నగరంలో రుషికొండ దగ్గర టీసీఎస్‌కు 21 ఎకరాలను 99 పైసలకు ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది, 12 వేల ఉద్యోగాలు వస్తాయన్న హామీతో. డేటా సెంటర్ కన్నా ఇలాంటి ఆఫీసులే ఊరిని నింపుతాయి. భూమిని ఉద్యోగాల సంఖ్య చూసి ఇచ్చినప్పుడు, ఏటా ఎన్ని సీట్లు నిండాయో ప్రజలకు చెప్పాలన్న షరతు కూడా కాగితం మీద ఉండాలి.

సీట్ల మీద బతికేది భవన యజమానులొక్కరే కాదు. కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ గల్లీల్లోని హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, క్యాబ్‌లు, టవర్లలో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. 2020లో ఆఫీసులు మూతపడి పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు ఆ గల్లీల్లో వరసగా టు-లెట్ బోర్డులు వేలాడాయి. ఆఫీసు కిరాయిదారులు మాత్రం లాక్-ఇన్ ఉంది కాబట్టి ఖాళీ అంతస్తులకు కూడా అద్దె కట్టారు, భవనాలు తట్టుకున్నాయి. హాస్టల్ నడిపేవాళ్లు బిల్డింగ్‌ను అడ్వాన్స్ ఇచ్చి ఏళ్ల లెక్కన లీజుకు తీసుకుంటారు, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ బెడ్లను నెలల లెక్కన ఇస్తారు. అందులో చేరేది కొత్తగా ఉద్యోగంలో చేరిన 22 ఏళ్ల పిల్లలు. వాళ్లు రాకపోతే కట్టించుకోవడానికి లాక్-ఇన్ ఏదీ లేదు.